లెక్క ఉందా?

ఆదివారం. బంగారుపాళెం పాలకేంద్రం వరండా.
మా ఆడిటర్ల సంఘం బ్యానరు
రెండు స్తంభాలకు లాగి కట్టారు.
గాలికి ‘అక్షరాస్యత’ మడతపడిపోయి
‘ఆర్థిక’ ఒక్కటే మిగిలింది.

అధ్యక్షులవారు మాట్లాడారు, ఫొటో దిగారు,
పొదుపు మీద రెండు సామెతలు చెప్పి
పెళ్లి ఉందని చిత్తూరు వెళ్లిపోయారు.
ఇక నేనూ, నల్లబల్లా,
ముప్పైమంది ఆడవాళ్లూ,
ఎవరూ ముట్టని బిస్కెట్ల పళ్లెమూ.

మాది తెనాలి దిక్కు. ఈ సీమకొచ్చి రెండు నెలలు.
అలవాటుగా అడిగాను:
“ఇంట్లో లెక్క ఉందా అమ్మా?”
ముందు వరసలో చేతులన్నీ
గబుక్కున కొంగుముళ్ల మీదికి పోయాయి.
“యాడుండాది మేడమ్!
కాయ దిగితే గదా లెక్క!”
వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.
అప్పుడు వెలిగింది:
ఇక్కడ లెక్కంటే డబ్బు.
నేనడిగింది పద్దు, వాళ్లు విన్నది వసూలు.
పదిహేనేళ్ల నా ప్రాక్టీసు
ఒక్క మాట దగ్గర కాలుజారి కూర్చుంది.

సర్దుకుని బల్ల మీద రాశాను:
నెలకు నూటికి మూడు,
ఏడాదికి ముప్పై ఆరు.
గుండెలు బాదుకుంటారనుకున్నాను.
దేశమ్మ లేచింది.
తోతాపురి కోసే చేతులు,
వేళ్ల సందుల్లో సొన కాల్చిన మచ్చలు.
“ముప్పైయారని మాకూ తెల్సు మేడమ్.
ఆవు పడిపోయిన రేత్రి పన్నెండుకి
మీ బ్యాంకు తలుపు దడితే తీస్తాదా?
వాడు తీస్తాడు.
మేం వడ్డీ గట్టేది ఆ తలుపుకి.”

ఏ పరీక్షలోనూ నన్నీ ప్రశ్న అడగలేదు.
సుద్దముక్క పక్కన పెట్టేశాను.

పాసుపుస్తకాలు తెమ్మన్నాను.
ఇళ్లకు పోయి తెచ్చారు:
పసుపు మరకదొకటి, ఎలుక కొరికిందొకటి,
కాణిపాకం ప్రసాదం కవర్లో
గంటు పెట్టి దాచిందొకటి.
వరండా మెట్ల మీద కూర్చుని
ఒక్కో గీతా చదివి వినిపించాను,
దూరాన్నుంచి వచ్చిన ఉత్తరాల్లా.

దేశమ్మ రెండు తెచ్చింది.
రెండోది మొగిలప్పది. మొగుడు.
పోయి పద్నాలుగు నెలలు.
అట్ట మీది దుమ్ము అరచేత్తో తుడిచి ఇచ్చింది.
అందులో ఏటేటా ఎండాకాలం చివర
ఒకే చిన్న అంకె కోత.
“ఇదేందో తెలుసా?”
“బ్యాంకోళ్లు కోసుకుంటారు గదా, ఊరికే.”
“ఊరికే కాదమ్మా. బీమా.
ఆయన పోతే నీకు రావాల్సిన లెక్క.”
ఈసారి ఆ మాటను
ఆమె అర్థంలోనే అన్నాను.

ఏడవలేదు.
ఎంతొస్తాదని అడగలేదు.
“ఆ యప్పకి తెల్సా?” అంది.
సంతకం పెట్టుంటాడు, తెలిసే ఉంటుందన్నాను.
“నాకు చెప్పలా,” అంది.
కాసేపాగి మళ్లీ, “చెప్పలా జూడు.”
అది కోపమో మురిపెమో
నాకు పద్దు తెగలేదు.

గడువు మిగిలుందో లేదో తెలీదు.
మరణపత్రం పంచాయతీలో ఉంది.
నామినీ పేరు ఒకచోట దేశమ్మ, ఇంకోచోట దేసమ్మ;
ఒక్క అక్షరం అడ్డం పడుకుని ఉంది
దారిలో ఎద్దులాగ.
రేపు సోమవారం బ్యాంకు దగ్గరికి రమ్మన్నాను.
రేపు గడ్డి కోతుంది, మంగళవారం వస్తానంది.
సరేనన్నాను.
బిస్కెట్లు పిల్లలు ఎప్పుడు తినేశారో చూడలేదు.

సాయంత్రం బస్సులో
సంఘానికి పంపాల్సిన కాగితం నింపాను.
హాజరు: ముప్పై.
ఖర్చు: బ్యానరు, బిస్కెట్లు, సుద్దముక్కలు.
ఫలితం అన్న గడి దగ్గర
మొగిలి ఘాటు వైపునుంచి వచ్చే లారీల వెలుగులో
చాలాసేపు ఆగి
‘మంగళవారం’ అని రాశాను.

ఆఫీసులో కొట్టేస్తారు.
కొట్టేయనీ.